ప్రమాణానికి వెళ్ళిన పికప్పు

నేను డిగ్రీ ముగించి ఇంటిపట్టున ఉన్న ఆ రోజుల్లో, పుత్తూరులో మా ఇంట్లో నాయన, అమ్మ, నేను, ఒక ముసలి పికప్పు ఉండేవాళ్ళం. (బండిని మనుషుల్లో కలిపేస్తావేమని మా మామ ఇప్పటికీ దెప్పుతాడు. కలుపుతాను, నా ఇష్టం.) నాయనకు సప్లయర్స్ షాపు ఉండేది. పెళ్ళిళ్ళకూ దినాలకూ షామియానాలు, కుర్చీలు, వంట అండాలు అద్దెకిచ్చేవాడు. ఉన్న డ్రైవరు చెప్పాపెట్టకుండా మద్రాసు వెళ్ళిపోయాడు. ముహూర్తాల మధ్య ఇంకొకడు దొరక్క, నాయన నాకే డ్రైవింగు నేర్పించి లైసెన్సు ఇప్పించాడు. రెండో గేరు వెయ్యాలంటే భుజం పట్టేసేది, ఎత్తు ఎక్కాలంటే నల్లపొగ వచ్చేది. అయినా ఆ స్టీరింగు పట్టుకున్నాక, చేరాలనుకున్న బి.ఎడ్. సంగతే మరిచిపోయాను. ఏ పెళ్ళికి వెళ్ళినా జనం పెళ్ళికూతురికంటే ముందు నన్నే చూస్తారని నాకు గట్టి నమ్మకం. ఎవరూ చూసి ఉండరు, అది వేరే విషయం.

ఇంతలో బండికి జబ్బు చేసింది. మెకానిక్ భాయి బానెట్ ఎత్తి చూసి, "ఇంజను విప్పి, అరిగిన సిలిండర్లు బోరు చేయించాలన్నా. చేయిస్తే ఇంకా శానా ఏండ్లు తిరుగుతాది. లేదంటే అమ్మేసుకోండి" అన్నాడు. ఈ మాటల్లో మొదటిది నాయనకు వినిపించింది, చివరిది మామకు వినిపించింది. మామ అంటే అమ్మ తమ్ముడు, షాపులో నాయనకు కుడిచెయ్యి, ఇంట్లో ఎవరూ అడక్కపోయినా పెద్దమనిషి. "బావా, దీన్ని బాగుచేసుకుంటా కూర్చునేదానికంటే కొత్తది తెచ్చుకునేది మేలు. మంచి డ్రైవరును నేను సూస్తాలే" అన్నాడు. ఆ డ్రైవరు మాట వినగానే నాకు అన్నం సయించలేదు. కొత్త బండి వస్తే కొత్త డ్రైవరు వస్తాడు, నేను బి.ఎడ్.కు పోతాను, అంతే నా కథ. బామ్మర్దికి ఎదురు చెప్పడం నాయనకు జన్మలో చేతకాదు. "సరే, నీ ఇష్టం అబ్బా" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు.

మామ బండిని తళతళలాడేలా కడిగించి, ఫోటోలు తీసి, ఫోన్లో ప్రకటన పెట్టాడు. కాకపోతే అందులో నాయన నంబరిచ్చాడు, అక్కడే చెడిపోయింది. ఎవరు ఫోన్ చేసినా నాయన "బండి బాగానే ఉండాది గానీ ఆయిలు తాగుతాదప్పా. ఎడంపక్క తలుపు లోపల్నించి తెరుచుకోదు" అని మొదలుపెట్టేవాడు. ఆయన రేడియేటరు దాకా వచ్చేసరికి అవతలివాళ్ళు ఫోన్ పెట్టేసేవాళ్ళు. మామ తల పట్టుకునేవాడు. నేను వంటింట్లోకి పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. (ఆ వయసులో నేను చీర కట్టేదాన్ని కాదు, అమ్మ కొంగే లాక్కునేదాన్ని.)

అలా హాయిగా సాగుతుండగా సత్యవేడు నుంచి ఒక మీసాలాయన బస్సు దిగాడు. వేరుశనగ వ్యాపారం. బండి చుట్టూ తిరిగి, టైరును కాలితో తన్ని, "అన్నా, అమ్మేవాళ్ళంతా బాగుండాదనే సెప్తారు. దాచిన లోపం ఏమీ లేదని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా? చేస్తే నేను బేరమే ఆడను" అన్నాడు. మా జిల్లావాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. గుడి కోనేట్లో తలారా మునిగి, తడిబట్టలతో కాణిపాకం వినాయకుడి ఎదుట నిలబడి అబద్ధమాడే గుండె మా పక్క ఎవరికీ లేదు. కోర్టులో ధైర్యంగా ఆడినవాళ్ళు కూడా అక్కడ నీళ్ళు నములుతారు. నాయన నోరు తెరవకముందే మామ "ఓ, చేస్తాడు. రేపే, ఈ బండిలోనే పోదాం" అనేశాడు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. నేను స్టీరింగు దగ్గర, పక్కన నాయన, ఆయన పక్కన మీసాలాయన. మామ మాత్రం "గాలి బాగా తగులుతాది" అంటూ వెనక తొట్టిలో ఎక్కాడు. దాచిన లోపం ఉండకూడదు గనక, నాయన దారిపొడుగునా ఒక్కొక్కటే బయటపెట్టడం మొదలుపెట్టాడు. వైపరు వానలో తప్ప అన్నివేళలా ఆడుతుందన్నాడు. సీటు కింద సాంబారు ఒలికిందనీ, ముసురు పట్టినప్పుడల్లా ఆ వాసన వస్తుందనీ చెప్పాడు. ఒకసారి నగరిలో గోడకు గుద్దుకుందని కూడా చెప్పాడు. "ఎవురు గుద్దినారు?" అని మీసాలాయన అడిగితే నాయన నావైపు చూశాడు. నేను రోడ్డువైపు చూశాను. ఇదంతా విని మనిషి దిగి పారిపోతాడని ఆశగా ఎదురుచూస్తున్నాను. చిత్తూరు దాటేసరికి ఆయన మొహం వికసించింది. "ఇన్ని బండ్లు కొన్నాను గానీ, ఇంత నిజం సెప్పే మనిషిని యాడా సూడలేదన్నా. ఈ బండి నాకే కావాల" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. కనీసం బండైనా దారిలో ఆగిపోకూడదా అని మొక్కుకున్నాను. ఎప్పుడూ లేనిది, ఆ ద్రోహి ఆ రోజు ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

కాణిపాకంలో నాయన కోనేట్లో మునిగి, తడిపంచెతో వచ్చి నిలబడ్డాడు. "ఈ బండిలో నేను దాచిన లోపం ఏదీ..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. గడ్డం మీదినుంచి నీళ్ళు కారుతున్నాయి. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగాడు. "ఏందన్నా?" అన్నాడు మీసాలాయన. "ఒకటి దాచినానప్పా" అన్నాడు నాయన చాలా చిన్న గొంతుతో. "దీన్ని అమ్మేది నాకు ఇష్టం లేదు. మా పాప తోల్తాంటే సూసేదానికి నాకు బాగుంటాది."

నా కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఏడాదిగా పక్కన కూర్చుని "మెల్లిగా, మెల్లిగా" అని సణగడం తప్ప ఆ మనిషి నాతో ఆ మాట ఒక్కసారీ అనలేదు. మీసాలాయన కాసేపు మీసం సవరించుకుని, "ఇంత పెద్ద లోపముండే బండి నాకొద్దన్నా" అని నవ్వేశాడు. ఆ తర్వాత మామవైపు తిరిగి, "మరి నువ్వెందుకప్పా అమ్మమని పోరు పెట్టినావు? ఈడ నిజమే సెప్పాల" అన్నాడు. మామ వినాయకుణ్ణి చూశాడు, గుడి కప్పు చూశాడు, తప్పించుకునే దారి కనబడలేదు. "నాకు సైకిలు తప్ప ఏదీ తోలేది రాదు. మేనకోడలు తోల్తాంటే పక్కన కూర్చునేదానికి సిగ్గయితాది" అన్నాడు. అందుకా వెనక్కెక్కి గాలి పీల్చుకుంటూ వచ్చావు మామా అని నేను అనలేదు, ఆ రోజంతా ఎంతో గంభీరంగా ఉందామనుకున్నాను. "ఇంజను బోరు చేయిద్దాం నాయనా. నేనే తోల్తాను" అని మాత్రం అన్నాను. నాయన బామ్మర్ది మొహం చూడకుండానే "సరే" అన్నాడు. మా ఇంటి చరిత్రలో అది మొదటిసారి.

మీసాలాయనకు చిత్తూరులో టిఫిను పెట్టించి బస్సెక్కించాం. తిరుగుదారిలో నాయన తడిపంచె ఆరబెట్టుకుంటూ తొట్టిలో కూర్చున్నాడు. మామ ముందు సీట్లో, నా పక్కన, బిగుసుకుని కూర్చున్నాడు. నేను పుత్తూరు దాకా హారన్ కొడుతూనే ఉన్నాను. మలుపొస్తే కొట్టాను, మేకలొస్తే కొట్టాను, నున్నగా ఖాళీగా ఉన్న రోడ్డు మీద కూడా కొట్టాను. "ఎవురూ లేరు గదమ్మా, ఎవురికి కొడతాండావు?" అన్నాడు మామ. అందరికీ అన్నాను. ఇప్పుడు నాకు వేలితో తిప్పితే తిరిగే స్టీరింగున్న కొత్త బండి ఉంది. పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని హారన్ జోలికి పోను. ఒక్కోసారి సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, గడ్డం పైకెత్తి మేకలకు కూడా తన గెలుపు చాటుకుంటూ వచ్చిన ఆ పిల్ల గుర్తొస్తుంది. పక్కకు జరిగి ఆ పిల్లకు దారి ఇవ్వాలనిపిస్తుంది.