షెడ్డు తలుపు మీది పేర్లు

టంగ్‌మని ఒక తీగ మోగింది. పొద్దుటి గాలిని ఎవరో శ్రుతి చేస్తున్నంత తేటగా మోగింది. ఆ వెనకే, విమానం రెక్క చాటు నుంచి ఒక బొంగురు గొంతు.

"బేకరీ?"

"పెట్రోల్లో నీళ్లు లేవు!" సీట్లో కూర్చున్న పైలట్ జవాబిచ్చాడు.

"పళ్ల డాక్టరు?"

"బెల్టు బిగించా!"

"వాచీ?"

"పిన్నుకి రింగు ఉంది!"

మైదానం అంచున నిలబడ్డ లెక్కల టీచరుకి ఒళ్లు మండిపోయింది. వాచీ అంటే వాళ్ల నాన్న. ఊళ్లో సగం గడియారాలు ఆయన బల్ల మీదే ఊపిరి పోసుకున్నాయి. ఆదివారం వస్తే ఆ బల్లకి సెలవిచ్చి, గుడ్డ రెక్కల బుల్లి విమానమెక్కి మబ్బుల్ని పలకరించి వచ్చేవాడు. నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం, రెక్కని పట్టి ఉంచే పిన్నుకి గోరంత రింగు తొడగడం మరిచిపోయాడు. పిన్ను జారింది. రెక్క ఊడింది. ఆవగింజంత చక్రాల్ని కూడా తప్పిపోనివ్వని మనిషి, అలా పోయాడు. ఆ మతిమరుపుని ఇక్కడ కేకలేసి మరీ చెప్పుకుంటున్నారు. షెడ్డు తలుపు మీద రాసిన ఆయన పేరు చెరిపించందే ఇంటికి వెళ్లకూడదనుకుంది.

రెక్క కింద నుంచి వంగి బయటికొచ్చాడు మేస్త్రి. డెబ్బై దాటాయి. కుట్టు మిషన్లు బాగుచేసుకుంటూ బతికినవాడు, ఇరవై ఏళ్లుగా ఆదివారాలన్నీ ఈ షెడ్డుకే రాసిచ్చేశాడు. ఒక్కసారీ ఎగరలేదు. నిచ్చెన మూడో మెట్టు మీదే కళ్లు తిరుగుతాయి. కానీ తీగ మీటి, ఎక్కడ వదులుందో చెవితోనే చెప్పేస్తాడు.

"మాస్టారి అమ్మాయివి కదూ! రా తల్లీ, కూర్చో."

"కూర్చోడానికి రాలేదండీ."

"సరే, నిలబడే తిట్టు. వింటా."

తిట్టింది. అంతా విని, షెడ్డు తలుపు దగ్గరికి తీసుకెళ్లాడు. రంగుతో రాసిన ఆరు పేర్లు.

"పోయినవాళ్లు ఏది చూసుకోలేదో దానికి వాళ్ల పేరే పెట్టాం. పిన్ను పిన్నని ఎంత మొత్తుకున్నా చెవికెక్కదమ్మా. కలిసి టీ తాగిన మనిషి పేరైతే చెయ్యి దానంతటదే ఆగుతుంది."

"అన్నిటికంటే పైన మేస్త్రి అని ఉందేంటి? మీరు బతికే ఉన్నారుగా!"

మేస్త్రి చేతిలోని గుడ్డని మడతపెట్టాడు. మళ్లీ విప్పాడు.

"ఆ రోజు మీ నాన్న పిన్ను దూర్చి, రింగు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. అప్పుడే నేను పిలిచా, 'మాస్టారూ, ఒక్కసారి ఈ ఇంజిన్ చప్పుడు వినండి' అని. పాపం, వచ్చాడు. తిరిగెళ్లి, రింగు పెట్టేశాననుకున్నాడు. అది ఆయన చొక్కా జేబులో దొరికింది. అందుకే మొదటి పేరు నాది. ఒకళ్లు చూసుకుంటుంటే రెండోవాళ్లు నోరు మూసుకోవాలని."

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"నాకు తెలుసుగా."

రంగు డబ్బా, కుంచె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "చెరిపేస్తానంటే చెరిపెయ్. నీకా హక్కుంది."

ఆమె కుంచె అందుకుంది. బయట, బస్సు కండక్టరుగా పనిచేసే ఒకావిడ తన విమానం చుట్టూ తిరుగుతోంది. చుట్టూ నలుగురున్నా ఎవరూ పెదవి కదపడం లేదు. కండక్టరమ్మ రెక్క దగ్గర ఆగి, వంగి, నాడి చూస్తున్నట్టు రెండు వేళ్లతో పిన్నుని తాకింది. "వాచీ... ఉంది" అని తనలో తనే అనుకుని, అప్పుడు ముందుకి కదిలింది.

టీచరు కుంచె కింద పెట్టేసింది.

"పేరు ఉండనివ్వండి. కానీ ఉత్త వాచీ ఏంటండీ? మా నాన్నేమన్నా మీ చేతికి కట్టుకునేదా? ఊరంతా వాచీ మాస్టారు గారనేది!"

మేస్త్రి కళ్లు తుడుచుకోబోయి, చేతికి గ్రీజుందని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"గారు పెట్టిస్తా తల్లీ. వీళ్లకి ఎగరాలని మహా తొందర, సగం మాట మింగేస్తారు. నేనే దగ్గరుండి పలికిస్తా. పలకనివాణ్ణి పైకి వెళ్లనివ్వను."