మా చేన్ల బొక్కలు

“మా చేన్ల బొక్కలున్నయి సారూ. జర వచ్చి చూడున్రి.”

“బొక్కలుంటే నేనేం చేస్తానయ్యా? మేం మీ చేలో అడుగు కూడా పెట్టలేదు.”

“మీరు వేసిన్రని అంటలేను సారూ. మా తాతల కాలం కెల్లి ఉన్నయి.”

“తాతల కాలం నుంచీ ఉంటే ఇవాళ నా మీద పడతావేం? పూడ్చేసుకో.”

“పెద్దపెద్దయి సారూ. ఒకటైతే మనిషి తొడంత ఉన్నది.”

“ఎంత పెద్దదైతే అంత మట్టి పోసుకో. రేపు పొద్దున్నే మేం సామాను కట్టుకుని పోవాలి. నన్నొదిలెయ్.”

నా చిన్నప్పుడు విన్న కొట్లాటలు చాన మర్చిపోయిన గని, ఇది మాత్రం మాటకు మాట యాదికున్నది. ఒక దిక్కు మా బాపు, ఒక దిక్కు జీపు నడిపే ఆయన. నడుమ నేను, లంగ మడతల పిడికిలి దాచుకొని నిలబడ్డ. ఆ పిడికిట్ల ఒక కోర ఉన్నది.

మాది చెన్నూరు అవతల, ప్రాణహిత దిక్కు ఊరు. ఇది డెబ్బైల నాటి ముచ్చట. ఆ ఏడు కలకత్తా నుంచి కొందరు చదువుకున్నోళ్లు వచ్చి వాగు ఒడ్డుకు గుడారాలు వేసిన్రు. రాయిగ మారిన పాత జంతువుల బొక్కలు వెతుకుతున్నరని ఊరంత ఎరుకైంది. మా దిక్కు బొక్క అంటే ఎముక. వాళ్ల పెద్ద సారు ఎండల బోర్ల పండుకొని అద్దంతోని మట్టిని చూస్తుండె. ఆయనకు మా మాట రాదు, మాకు ఆయన మాట రాదు. నడుమ మాటలు మార్చి చెప్పే పని జీపాయనది. ఆయన గోదారి కింది దిక్కు మనిషి. ఆయనదీ తెలుగే, మాదీ తెలుగే, ఇంకేం కావాలె అనుకున్నం.

మరి పిడికిలి విప్పి కోర చూపిస్తే అయిపోతుండె కదా అంటరేమో. అంతకు ముందు మా ఊరాయన ఒకడు మెరిసే రాయి తెచ్చి చూపిస్తే, జీపాయన నవ్వి దాన్ని వాగుల విసిరేసిండు. అందుకే పెద్ద సారు కండ్ల ముందట తప్ప పిడికిలి ఇప్పొద్దని బాపు నాకు గట్టిగ చెప్పిండు. పెద్ద సారేమో గుట్ట దిక్కు పోయి ఇంక రాలే.

ఆ కోర నాకు దొరికింది అంతకు ముందటి దినం. రాత్రి వాన గట్టిగ కొట్టి చేను ఒడ్డు కోసుకపోయింది. నేను పిడకలకు పెండ ఏరనీకి పోయిన. ఎర్ర మట్టిల నల్లగ ఒకటి మెరిసింది. బర్రె కొమ్ము ముక్క అనుకొని గుంజిన, రాలే. పుల్లతోని చుట్టూ గీకిన, గోళ్లతోని గీకిన. ఊడి చేతికొచ్చినంక ఉమ్మి పెట్టి లంగకు తుడిచి చూస్తే, అది పన్ను. నా అరచెయ్యి కన్న పొడుగు పన్ను. కొన లోపలికి వంగి ఉన్నది. దాని అంచు మీద వేలు పెట్టి గీసిన. కొడవలికి కక్కులు పెట్టించినట్టు సన్నసన్న మొనలు వరుసగ తగిలినయి. ఇంక జర గట్టిగ గీస్తే వేలు తెగి రక్తం వచ్చింది. ఎన్నటికో చచ్చిన జంతువు, ఇయ్యాల కూడ కొరుకుతున్నది. నా పానం జల్లుమన్నది. భయంతోని కాదు. పెండ గంప అక్కడనే ఇడిచిపెట్టి ఇంటిదాక ఉరికిన, వాకిట్ల అవ్వ ముందట చెయ్యి చాపిన.

అమ్మను మేము అవ్వ అంటం. మా అవ్వ ఏ వస్తువును పారెయ్యనియ్యదు. కోరను అటిటు తిప్పి చూసి, గంజు అడుగున మాడు గీకనీకి బాగ పనికొస్తది, ఇటియ్యి అన్నది. ఆ గుణం తర్వాత నాకు కూడ వచ్చింది, నా ఇంట్ల పగిలిన గిన్నెకు కూడ ఏదో ఒక పని చెప్త. కాని ఆ దినం నేను కోర ఇయ్యలే. బాపు వచ్చి చూసిండు. దున్నినప్పుడల్ల నాగలికి తగిలే ఆ తొడ బొక్క, ఈ కోర ఒక్క జంతువువే అయి ఉంటయన్నడు. కలకత్తోళ్లు వెతికేది ఇదే అయితది బిడ్డా, రేపు నిన్ను కూడ తోల్కపోత అన్నడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.

తోల్కపోయినంక ఏమైందో ముందే చెప్పిన.

బాపు ఇంటికొచ్చి కాళ్లు కూడ కడుక్కోలే, గడ్డపార, పార తీసిండు. జీపుల తిరిగినోళ్లంత మాకు సర్కారోళ్లే. సర్కారు మనిషి పూడ్చమన్నడు కాబట్టి పూడ్చాలె అన్నడు. అవ్వకు కూడ అదే మంచిగనిపించింది. మనిషిదైనా రాకాసిదైనా, బొక్క బయటపడ్డదంటే దానికి మట్టి చేసుడే న్యాయం అని కాగితంల ఇంత పసుపు పొట్లం కట్టి ఇచ్చింది. ఒక పీనుగువి అన్నీ ఒక్క తాననే ఉండాలె, కోర కూడ పూడ్చాలన్నరు ఇద్దరు కలిసి. మాడు గీకుడు ముచ్చట అవ్వ మర్చే పోయింది.

నేను ఏడ్చిన. కోర పోతదని ఒక ఏడుపు. అంతకన్న పెద్ద ఏడుపు ఇంకొకటి. పొద్దుగాల జీపు పోతది. దీని కోసమే అంత దూరం నుంచి వచ్చి ఎండల పండుకున్న ఆయన, దీని పక్క నుంచే ఉత్త చేతులతోని పోతడు. ఆయనకు ఎన్నటికీ తెల్వదు. అది నేను అసలు ఓర్చుకోలేకపోయిన.

అప్పుడు మా మేనత్త ఇంట్ల ఉన్నది. బాపుకు అక్క. ఆమెను భైంసా అవతల మరాఠి మాట్లాడే ఊరికి ఇచ్చిన్రు, పత్తి ఏరుడు అయినంక పుట్టింటికొచ్చింది. చాటల బియ్యం పోసుకొని రాళ్లు ఏరుకుంట, బాపుతోని ఆ కొట్లాటంత మొదటికెల్లి మళ్ల చెప్పించుకున్నది. “ఎంత పెద్దదైతే అంత మట్టి పోసుకో” అన్న కాడ ఆమె చెయ్యి ఆగింది.

“తమ్మీ, బొక్క అంటే ఆయన ఏందనుకుంటున్నడో అడిగినవా?”

“బొక్క అంటే బొక్కనే అక్కా. ఇంకేమనుకుంటరు?”

అత్త నవ్వి, తన కొత్త కాపురం ముచ్చట చెప్పింది. మెట్టినింటికి పోయిన కొత్తల, చేను నుంచి మామ వచ్చిండో రాలేదో తెల్వక, వాళ్ల అత్తగారిని “మామ ఏడ?” అని అడిగిందట. మా దిక్కు ఏడ అంటే ఎక్కడ. మరాఠిల ఏడ అంటే పిచ్చోడు. కోడలు నట్టింట్ల నిలబడి మామ పిచ్చోడంటున్నదని అత్తగారికి కోపమొచ్చింది. ఆమెకు చెవులు సరిగ ఇనపడవేమో అనుకొని మా అత్త ఇంక గట్టిగ అడిగిందట, మామ ఏడ, మామ ఏడ అని. అప్పటికి మామ గడపల నిలబడే ఉన్నడట. చీపురు లేసిందని చెప్పి, అత్త కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. ఎదుటోళ్లు మన మాటకు ఊరికెనే కోపం చేస్తున్నరంటే, గట్టిగ చెప్పుడు కాదు, వాళ్లనే అడగాలె అన్నది.

బాపుకు అది ఎక్కలే. అడుగుకుంట కూసుంటే పొద్దుగూకుతదని పార భుజాన వేసుకున్నడు. నువ్వు నడువు తమ్మీ, కోర నేను తీసుకొస్త అన్నది అత్త. బాపు చేను దిక్కు పోంగనే నా రెక్క పట్టుకొని వాగు దిక్కు నడిచింది.

జీపాయన సామాను మీద తాళ్లు బిగిస్తున్నడు. నన్ను చూడంగనే మొఖం చిట్లించి, మళ్లీ బొక్కలేనా అన్నడు. అత్త నెమ్మదిగ ఒక రాయి మీద కూసొని, తన ముంజేతిని తట్టి చూపించింది.

“అన్నా, మీ దిక్కు దీన్నేమంటరు?”

“చెయ్యి అంటాం. మీరేమంటారేంటి?”

“మేము కూడ చెయ్యే అంటం. తోలు కింద, మాంసం కింద, గట్టిగ ఉంటది కదా. దాన్ని?”

“ఎముక.”

“మేము దాన్ని బొక్క అంటం అన్నా.”

ఆయన తాడు వదిలేసి పెట్రోలు డబ్బా మీద కూసున్నడు. అత్త, మరి మీరు బొక్క అని దేన్నంటరని అడిగింది. ఆయన తన బనీనుకు పొట్ట కాడ చిరిగిన సందుల వేలు పెట్టి, అటు నుంచి బయటికి తీసి చూపించిండు. రంధ్రం. ఇంతసేపు మా బాపు ఎలుక బొక్కలు పూడ్చమని కలకత్తా సారును పిలుస్తున్నడనుకున్నడట. “మనిషి తొడంత ఎలకా అని నేనూ అనుకున్నానమ్మా” అన్నడు. అప్పుడు ముగ్గురం నవ్వినం.

గుట్ట దిగి పెద్ద సారు వస్తుండు. నేను ఎవరినీ అడుగలే. ఉరికిపోయి ఆయన కడుపు కాడ పిడికిలి ఇప్పిన. ఆయన చూసిండు. వంగి, అద్దం తీసి, మళ్ల చూసిండు. నా వేలి మీద తెగిన గాటు చూసి, కోర అంచు చూసి, నా మొఖం చూసిండు. జీపాయన దిక్కు తిరిగి ఏందేందో అడుగుతుండు, ఆయన చెప్పేలోపల ఇంకొకటి అడుగుతుండు. కట్టిన సామానంత కిందికి నూకి మమ్మల్ని జీపుల ఎక్కించిన్రు. జీపు ఎక్కుడు నాకు అదే మొదలు. ఎగిరెగిరి పడుకుంట చేనుకు పోయినం. అత్త ఒక చేత్తోని కొంగు, ఒక చేత్తోని నన్ను పట్టుకున్నది.

చేన్ల మా బాపు మట్టిని పారతోని సదును చేస్తున్నడు. దుమ్ము లేపుకుంట జీపు రావట్టంగనే నిటారుగ నిలబడి దండం పెట్టిండు.

“అయిపోయింది సారూ. మీరు చెప్పినట్టే పూడ్చిన. పసుపు కూడ చల్లిన.”

జీపాయన దిగి బాపు రెండు చేతులు పట్టుకున్నడు. పెద్ద సారుకు ఇదంత మార్చి చెప్పబోతే నడుమల నవ్వు ఆగుతలేదు. చీకటి పడుతున్నది కాబట్టి ఆ పూట ఎవరూ ఏమీ ముట్టలే. కాని జీపు పోవుడు మాత్రం ఆగిపోయింది.

నా కోరను దూదిల చుట్టి డబ్బాల పెట్టి తీసుకపోయిన్రు. నేను దాన్ని మళ్ల చూడలే. మాంసం తినే పెద్ద జంతువుదని, మనుషులు పుట్టకముందే తిరిగిందని జీపాయన చెప్పిండు. ఇప్పుడు మనవలు బొమ్మల పుస్తకంల డైనోసార్ అని చూపిస్తే, దీని పన్ను నేను పట్టుకున్ననంటే నమ్మరు. నమ్మకపోతే పోనియ్యి. నాకు మిగిలింది మా అత్త అడిగిన మాట. నా కోడలు కింది జిల్లా పిల్ల. ఆమె అన్న మాటకు నాకు చిర్రెత్తితే, నోరు చేసుకునే ముందుగాల, మీ దిక్కు దాన్నేమంటరు అని అడుగుత. సగం సార్లు కోపానికి పనే ఉండదు. నేను దేన్నీ దుబారా చెయ్యనిదాన్ని, మాటలను మాత్రం ఎందుకు చెయ్యాలె.

ఇగ బాపు బొక్కలు పూడ్చిన తెల్లారి ముచ్చట. తొడ బొక్క పగలకుంట కట్టు కట్టనీకి తెల్ల పిండి కావాలని జీపాయన చెన్నూరుకు పోయిండు. చేన్ల పెద్ద సారు, మా బాపు మట్టి తీస్తున్నరు, నేను గంపల ఎత్తి పోస్తున్న. సారు మోకాలి పక్కన బొక్క కొస ఒకటి తేలింది, ఆయన చూడలే. “బొక్క సారూ, బొక్క” అన్న. ఆయన ఉలిక్కిపడి తలెత్తిండు. మొఖం ఎర్రగైంది. ఇంక గట్టిగ అందామని నోరు తెరిచి, ఆగిన. గంప కింద పెట్టి, నా మోచెయ్యి తట్టుకొని, ఏమంటరని చేత్తోని అడిగిన. ఆయన నన్ను చూసి, నేను చూపించిన కొసను చూసి, మట్టిల కూలబడి నవ్వుడు మొదలుపెట్టిండు. తన తల తట్టుకొని, వేలు గుండ్రంగ తిప్పి, “బోకా” అన్నడు. వాళ్ల భాషల అది తెలివి తక్కువోడట. తర్వాత మోచెయ్యి తట్టుకొని, “హాడ్” అన్నడు.

ఆ దినమంత ఆయన బొక్క, బొక్క అనుకుంట తవ్విండు. నేను హాడ్, హాడ్ అనుకుంట మట్టి మోసిన.