ఇద్దరికీ ఒక్కడే వీరుడు

హిందీ మాట్లాడే ప్రాంతమైన గోవింద్‌పూర్‌లోని ఒక కర్మాగారంలో సూర్యం ఉదయం షిఫ్టులో క్రేను నడుపుతాడు. షిఫ్టు ముగిసేముందు కొక్కెం పైకెత్తి, క్రేనును దాని చోట నిలిపి, తరువాతివాడికి చార్జి అప్పగించనిదే ఆయనకు ఊపిరాడదు. చేతిలో ఇమిడే గేమ్ యంత్రంలోని వీరుణ్ణి కూడా అలాగే చూసుకునేవాడు. ఆ పాత ఆటను సత్రంలో తప్ప మరెక్కడా సేవ్ చేయడానికి వీలులేదు. అందుచేత వీరుడు ఎంతటి అడవిలో ఉన్నా సత్రానికి నడిపించి, మంచమెక్కించి, ఆపైనే యంత్రం కట్టేసేవాడు. మర్నాటి ఉదయం కూతురు హేమ అక్కడినుంచి అందుకొనేది.

హేమది ఆదిత్యపూర్‌లో మధ్యాహ్నం షిఫ్టు. తండ్రి ఇల్లు చేరే వేళకే ఆమె బయలుదేరుతుంది; ఆమె తిరిగి వచ్చేసరికి ఆయన నిద్రలో ఉంటాడు. ఇద్దరూ ఎదురుపడేది గుమ్మంలోనే. అక్కడి మాటలన్నీ వీరుడి గురించే.

"ఏటి నాన్నా, మూలికలన్నీ ఒక్క నక్కమీదే అవగొట్టీసినావా?"

"నక్క కాదే, తోడేలు. నువ్వు కొన్న కత్తి వంకాయలు కొయ్యడానికి పనికొత్తాది!"

తగవు తేలకుండానే ఒకరు లోపలికి, ఒకరు బయటికి.

ఈమధ్య ఒక సెలవునాడు హేమ కొత్త యంత్రం తెచ్చింది. అందులో ఉన్నది అదే ఆట, మెరుగుపెట్టినది. చెట్ల ఆకులు కదులుతాయి, మనుషులకు గొంతులు వచ్చాయి, ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు. తప్పులెన్నడానికే కూర్చున్న సూర్యం సైతం ఒప్పుకోక తప్పలేదు.

"పడవ ప్రయాణం చిటికెలో అయిపోతన్నాదే. పాతదాన్లో అయితే కునుకొచ్చీసేది."

"ఇంకోటి చూడు. నీ ఆట నీది, నా ఆట నాది. వేరే వేరే ఖాతాలు తెరిచాను. ఝగడా ఖతం!"

తగవు నిజంగానే తీరిపోయింది. గుమ్మంలో "తిన్నావా?", "తిన్నాను" అన్న రెండు మాటలే మిగిలాయి. ఆట ఇంత బాగుండి కూడా సూర్యానికి రుచించలేదు. ముచ్చటపడి తెచ్చిన పిల్లతో ఆ మాట అనేదెలా?

ఒకనాటి సాయంత్రం ఆయన హేమ ఖాతా తెరిచాడు. ఆమె వీరుడు బురదమడుగులో, చుట్టూ పాములుండగా, ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

"ఇలాగొగ్గీసి ఎల్లిపోతారేటి!" అంటూ సూర్యం రంగంలోకి దిగాడు. పాములను చంపి, గాయపడిన వీరుడికి మందు వేసి, సత్రం చేర్చాకగాని కంచం ముందు కూర్చోలేదు.

మర్నాడు ఆయన ఇల్లు చేరేసరికి హేమ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"బంగారు మూలిక వాడీసినావా? ఆఖరి రాక్షసుడి కోసం దాచుకున్నాను!"

"పాము కరిచింది. సావమంటావేటి?"

"పారిపోవాలి నాన్నా!"

"పారిపోయినోడు వీరుడేటే?"

హేమ నవ్వు ఆపుకొని, అంతలోనే గొంతు తగ్గించి అడిగింది: "కొత్త ఆట నీకు నచ్చలేదా?"

"నచ్చింది. పాతదానికన్నా అన్నిట్లోనూ మేలే. కానైతే నీ వీరుడు ఏటి సేత్తన్నాడో నాకు తెలవడం లేదు."

వీధిలో ఆటో హారన్ మోగింది. హేమ చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

"సరే, ఇకమీద ఇద్దరం నా ఖాతాలోనే ఆడుదాం. కానీ ఆ రాక్షసుడుండే మంచుకొండ దగ్గరికి నేను లేకుండా వెళ్ళావంటే చూడు, నాన్నా! మై బోల్ రహీ హూఁ..."

హిందీలోకి దిగిన బెదిరింపులో మిగతాది ఆటో చప్పుడులో కలిసిపోయింది. సూర్యం చేతులు కడుక్కొని, యంత్రం అందుకొని, వీరుడితో తిన్నగా మంచుకొండకే బయలుదేరాడు.