రజియా ఆపా చైనా ట్రాక్టరు

జరగండి, ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చాలకపోతే ఈ గోనెసంచి పరుచుకోండి. పొద్దున నారాయణఖేడ్ బస్టాండు పక్కన ఒక ఆటో వేడెక్కి ఆగిపోతే, డ్రైవరు ఇంజను మీద నీళ్లు గుమ్మరించాడు. కాలిన ఇనుము మీద నీళ్లు పడితే వచ్చే ఆ వాసన ముక్కుకు తగలగానే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎంత తొందరలో ఉన్నా ఆ వాసనకు నాకు రజియా ఆపా కనపడుతుంది. ఆమెను మీరు చూడలేదు. అందుకే చెప్తున్నా.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమెది మా వెనకిల్లు. పుట్టింది బీదర్ దిక్కు, కోడలిగా వచ్చింది సిర్గాపూర్ దగ్గరున్న మా పల్లెకు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపమొస్తే మాత్రం కన్నడం. పొడుగు మనిషి. తలమీది కొంగు జారకుండానే పొలం గట్టు మీద పరుగెత్తేది. భర్త నడుము పడిపోయాక ఎడ్లను సాకడం ఆమెకు కష్టమైంది. వాటిని అమ్మి, జహీరాబాద్‌లో ఒక దుకాణం నుంచి చైనాలో తయారైన చిన్న ట్రాక్టరు తెచ్చుకుంది. ఎర్రగా, పొట్టిగా ఉండేది. వాడంతా దాని చుట్టూ మూగింది. పెద్ద ట్రాక్టరు కిరాయికి తిప్పే వీరన్న దాన్ని వేలితో టకటక కొట్టి, "ఆపా, దీనికి చావి తిప్పాల్నా, చార్జింగ్ పెట్టాల్నా? చైనా మాల్ గదా, పండుగ దాకనన్న ఉంటదా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆపా కూడా నవ్వింది. "ఉంటదో పోతదో పని చేపిచ్చి చూద్దాం తియ్ వీరన్నా. చూడంగనే చెప్పనీకి నువ్వేమన్న డాక్టరువా?" అన్నది.

వీరన్న మాట పూర్తిగా అబద్ధమని నేను అనను. ఆ ట్రాక్టరు బోల్టులు మెత్తని ఇనుముతో చేసినవి. దున్నిన ప్రతిసారీ వదులయ్యేవి. ఆపా పొద్దున చాయ్ తాగకముందే పానా పట్టుకుని దాని చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటే బిగించేది. రంగు మొదటి వానకే పొలుసులు లేచింది. ఇంజను వేడి చూపించే ముల్లు కొత్తలోనే చచ్చిపోయింది. కానీ ఇంజను బంగారం. ఒక్క తిప్పుకే అందుకునేది. పెద్ద ట్రాక్టరు మళ్లలేని ఇరుకు గట్ల మధ్య మేకపిల్లలా తిరిగేది. ఎవరడిగినా ఆపా ఈ రెండు సంగతులూ చెప్పేది. తనదని పొగడలేదు, పదిమందీ తిట్టారని తిట్టలేదు.

ఆ ఏడు వాన చాలా ఆలస్యం చేసింది. మా ఆయన హైదరాబాద్‌లో మేస్త్రీ కింద పనికి పోయాడు. "ఈపారి విత్తనం పడకపోతే ఇంటికి తాళమేసి పిల్లల్ని తోల్కొని రా. ఈడ ఇద్దరం కూలి చేస్కుందం" అని ఫోన్లో చెప్పాడు. పిల్లల బడి, ముసలి అత్త, పాలిచ్చే బర్రె, ఇవన్నీ వదిలి రేకుల గుడిసెలోకి పోవడం నా వల్ల కాదనిపించేది. చివరికి వాన పడింది. అందరికీ ఒక్కసారే ట్రాక్టర్లు కావలసి వచ్చాయి. వీరన్నను అడిగితే, "కల్హేర్ దిక్కు పెద్ద పొలాలకు మాటిచ్చిన శాంతమ్మా. ఎల్లుండి సూస్త" అన్నాడు. మాది రాళ్ల చెలక. ఎల్లుండి దాకా తడి ఎక్కడ ఆగుతుంది? గోడ అవతల ఆపా ఈ మాటలు విన్నది. "శాంతా, విత్తనం తీసి పెట్టు. నాది నల్లరేగడి, తడి ఆగుతది. ముందు నీది విత్తుదం" అన్నది.

మరునాడు పొద్దున ట్రాక్టరు మా చెలకలో దిగింది. వెనక గొర్రు కట్టుకుని ఆపా నడుపుతుంటే, నేను కంది, పెసర విత్తనం జారవిడుస్తూ వెంట నడిచాను. సగం చెలక కూడా కాలేదు. ముందు నుంచి బుస్సుమని ఆవిరి లేచి, కాలిన ఇనుము మీద నీళ్లు చిందిన వాసనతో ట్రాక్టరు ఆగిపోయింది. పక్క చేన్లవాళ్లు గట్టెక్కి చూశారు. "అయిపాయె! చైనాది చైనాకే పోయింది!" అని ఎవరో అరిచారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎండ ఎక్కుతోంది, మట్టి రంగు మారిపోతోంది. నేను రేడియేటరు మూత తిప్పబోతే ఆపా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"స్వల్ప తాళు. కొంచెం ఆగు బిడ్డా. మసిలే నీళ్లు, మొఖం కాలుతది."

"ఆగితే తడి పోతది ఆపా!"

"పోతది, తెల్సు. కూసో."

ఇద్దరం ట్రాక్టరు నీడలోనే కూర్చున్నాం. ఆపా గట్టు మీది జనాన్ని చూస్తూ, "నేను కొత్తగ వచ్చినప్పుడు గూడ గిట్లనే నిలవడి చూసిన్రు. బీదర్ పిల్ల, జొన్నరొట్టె కొట్టనీకి వస్తదా రాదా అని. మొదటి రొట్టె మాడింది. ఇగ చూడు, ఊరంత బీదర్ మీద పడ్డది. మా అత్త మాత్రం వచ్చి పెనం చూసింది. పెనం వంకర ఉండె!" అని పడీపడీ నవ్వింది. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది.

ఇంజను చల్లబడ్డాక ఆపా ముందరి ఇనుప జాలీ ఊడదీసింది. లోపల నల్లటి గొంగడి ముక్క ఒకటి, ఫ్యాను గుంజుకోవడంతో రేడియేటరుకు అట్టలా అతుక్కుని ఉంది. గాలి పోయే సందే లేదు. అప్పటికే సద్ది మూటతో వచ్చిన మా అత్త అది చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ! ఊరి కండ్లన్నీ దీని మీదనే ఉన్నయని నేనే పొద్దుగాల కడితి. పైకి కనవడితే దిష్టి ఆగదని లోపట కడితి!"

గట్టు మీద నవ్వులు లేచాయి. మా అత్త తల వంచుకుంది. ఆపా ఆమె భుజం మీద చెయ్యేసి, "గొంగడి మనది, చచ్చిన ముల్లు చైనావాళ్లది. ముల్లు బతికుంటే ముందుగాలనే చెప్తుండె. సగం సగం తప్పు" అన్నది. ఆ ముక్కను పారెయ్యలేదు. నీళ్లలో పిండి, వెనక మడ్‌గార్డుకు తనే కట్టింది. "దిష్టి ఎనక నుంచి గూడ వస్తది గదా అత్తా." కడవతో నీళ్లు పోసి చావి తిప్పగానే ఇంజను అందుకుంది. పొద్దుమూకేలోగా చెలకంతా విత్తాం. వారం తిరగకముందే మొలక పచ్చగా కనపడింది. నేను మా ఆయనకు ఫోన్ చేసి, "తాళం ఎయ్యను. నువ్వే రా" అన్నాను.

ఆ ట్రాక్టరు ఇంకా కొన్నేళ్లు పని చేసింది. తర్వాత గేరు పళ్లు విరిగాయి. కొత్త గేరు ముక్క కోసం ఆపా జహీరాబాద్ పోతే, ట్రాక్టరు కొన్న దుకాణమే లేదు. బీదర్‌లో లేతు మిషను మీద చేయించిన పన్ను నిలవలేదు. వీరన్న పరామర్శకు వచ్చినట్టు వచ్చి, "చెప్పిన గదా ఆపా" అన్నాడు. ఆపా చాయ్ ఇచ్చి, "పిల్ల మంచిదే వీరన్నా. పుట్టింటోళ్లే ఫోన్ ఎత్తుతలేరు" అన్నది. వీరన్న చాయ్ ఒలకబోసుకుని నవ్వాడు.

ఆపా పోయి ఇప్పటికి రెండు రంజాన్లు దాటాయి. ఇప్పుడు ఎవరైనా చవకగా చైనా యంత్రం కొంటామని వస్తే నేను మంచిదనీ చెప్పను, చెడ్డదనీ చెప్పను. విరిగితే మార్చే ముక్కలు ఎక్కడ దొరుకుతాయో ముందు అడగమంటాను. ఇంట్లో అన్నం మాడినా, పిల్లల లెక్క తప్పినా, కొత్త మనిషి పనిలో తడబడినా నోరు తెరవబోయి ఒక్క క్షణం ఆగుతాను. చల్లబడనిస్తాను. ఆ తర్వాత వంగి లోపలికి చూస్తాను. నాకు బడి నేర్పింది తక్కువ. ఇది మాత్రం ఆపా నేర్పింది.

ఇగ లేవండి, పొద్దుపోయింది. మీ చేనుకు అదునుకు వాన పడాలె. మీ ఇంట్ల ఏది ఆగిపోయినా, ఓపికగ పక్కన కూసునే మనిషి ఒకరు మీకు ఎప్పుడూ ఉండాలె.