లాక్ మంచిగనే ఉందన్నాను

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒక్క వాక్యం. ఎవరితో ఆ అబద్ధం చెప్పానో ఆయన ఇప్పటికీ నన్ను తమ్ముడూ అనే పిలుస్తారు. వాళ్లింటికి వెళ్తే మొదటి టీ కప్పు ఇప్పటికీ నాకే అందుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు నా పిచ్చి గురించి చెప్పాలి. నాకు మడత చాకులంటే ప్రాణం. పెద్దవి కాదు, చొక్కా జేబులో వేసుకుంటే ఉందో లేదో తడిమి చూసుకోవాల్సినంత తేలికైనవి. “ఉల్లిగడ్డ కొయ్యమంటే కొయ్యడు గానీ చాకులకు రోజూ నూనె పెడ్తడు” అని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. నిజమే, కాదనను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కళ్లద్దాల షాపులో నా పని. పొద్దస్తమానం ఫ్రేముల్లో చిన్న చిన్న స్క్రూలు బిగిస్తాను. ఆ పనిముట్లతోనే ఇంట్లో చాకులు విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తాను.

ఈ పిచ్చికి ఒక పద్ధతి నేర్పింది అన్న. సొంత అన్న కాదు, నేనలా పిలుస్తాను. పేరు రాయను. విజయవాడ వైపు నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో స్థిరపడిన లెక్కల మాస్టారు, కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతారు. కళ్లజోడు విరిగి మా షాపుకు వచ్చినప్పుడు పర్సుతో పాటు ఆయన జేబులోంచి ఒక చాకు బయటపడింది. ఇక చూడండి, నేను కళ్లజోడు సంగతే మరిచిపోయాను. అప్పటి నుంచి ఆదివారాలు వాళ్లింట్లోనే. చాకు జేబులో ఉంటే మెట్రోలో తనిఖీ దాటనివ్వరు కాబట్టి షేర్ ఆటోలో ఇరుక్కుని పోయేవాణ్ణి.

తేలిగ్గా చేయడమంటే పల్చగా చేయడం కాదని ఆయనే చెప్పారు. పిడి లోపల ఒక ఉక్కు రేకు ఉంటుంది. పని లేని చోట దానికి రంధ్రాలు పెట్టి బరువు తగ్గిస్తారు, బలం కావలసిన చోట మాత్రం ముట్టుకోరు. బ్లేడు తెరవగానే ఆ రేకులోని ఒక పట్టీ పక్కకు జరిగి బ్లేడు వెనక అడ్డంగా నిలబడుతుంది. అదే లాక్. మన వేళ్లకూ పదునుకూ మధ్య ఉన్నది అదొక్కటే. ఇదంతా ఆయన బోర్డు మీద బొమ్మ గీసినంత ఓపికగా చెప్పేవారు. పదో తరగతితో చదువు ఆపేసిన నాకు అంత ఓపికగా అంతకుముందు ఎవరూ ఏదీ చెప్పలేదు. ఆ ఋణం తీరేది కాదు.

ఇద్దరం ఒకే రకం చాకులు కొనుక్కున్నాం. ఆయన దాన్ని వాడుకున్నారు. నేను ఊరుకోలేదు. మూసేటప్పుడు లాక్ కొంచెం బిగువుగా ఉందని, ఆకురాయి తీసుకుని ఆ పట్టీ చివర గీశాను. ఇంకొంచెం, ఇంకొంచెం అని గీస్తూ పోయాను. వెన్నలా మూసుకోవడం మొదలుపెట్టింది. తెరిచి ఉన్నప్పుడు గట్టిగా నొక్కినా లాక్ ఆపకుండా మూసుకుపోతోందని తర్వాత తెలిసింది. ముట్టుకోకూడదని ఆయన చెప్పిన చోటే ముట్టుకున్నాను. ఆయనకు చెప్పడానికి సిగ్గేసింది.

మామిడిపండ్ల కాలం అయిపోయాక అన్న తన చాకును శుభ్రం చేయమని ఇచ్చారు. చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టి తీసుకోమన్నారు. చాకు చేతికిస్తే మనుషుల మధ్య తేడాలొస్తాయని వాళ్లమ్మగారు చెప్పేవారట. లెక్కల మాస్టారికి ఈ నమ్మకమేమిటని ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంట్లో రెండు చాకులూ విప్పి పక్కపక్కనే పెట్టాను. ఒకే కొలత, ఒకే రంధ్రాలు. ఆయన పండ్లు మాత్రమే కోస్తారు కదా, నేనైతే రోజూ వాడతాను కదా అనుకున్నాను. ఎంత తెలివైన ఆలోచన! పాడైన నా రేకును పట్టీ నిలబడేలా కొంచెం వంచి ఆయన చాకులో పెట్టాను. ఆయనది నా చాకులో పెట్టుకున్నాను. నాలుగుసార్లు నొక్కి చూస్తే నిలబడింది. చాలనుకున్నాను. నిజంగా చాలనుకున్నానా, లేక అనుకోవాలని అనుకున్నానా?

ఆ తర్వాత ఒక ఆదివారం వదినగారు చట్నీ కోసం కొబ్బరికాయ కొట్టారు. అన్న సరదాగా, నేను తిరిగిచ్చిన ఆ చాకు మొనతోనే చిప్పలోంచి కొబ్బరి పెళ్లగించబోయారు. నేను ఎదురుగానే ఉన్నాను. వద్దనాలని నోటిదాకా వచ్చింది. అనేలోపే బ్లేడు వెనక్కి మడుచుకుని చూపుడు వేలి మీద పడింది. తువ్వాలు చుట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకుని, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. లోపల నరం తెగిందన్నారు, కుట్టారు. వేలు నిలిచింది గానీ మళ్లీ పూర్తిగా వంగలేదు. మార్కర్ పట్టుకునే వేలు అది.

కట్టు విప్పిన రోజుల్లో ఆయన ఆ చాకును నా ముందు పెట్టారు.

“జారినట్టనిపించింది తమ్ముడూ. లాక్‌లో ఏమన్నా తేడా ఉందేమో చూస్తావా?”

నేను తెరిచాను, మూశాను, వెలుతురుకు పెట్టి చూశాను. చూడనవసరం లేదు. ఏముందో నాకు తెలుసు.

“లాక్ మంచిగనే ఉందన్నా.”

ఆయన తన చేతికేసి కాసేపు చూసుకున్నారు. “అయితే నా చెయ్యేనన్నమాట. ఇంత చెప్పేవాణ్ణి, నేనే అజాగ్రత్తగా ఉన్నాను. ఆ రోజు నువ్వు లేకపోతే ఏమైపోయేదో.”

రేకు మార్చింది ఒక తప్పు. అది కుర్రతనం, ఆశ, ఏదైనా అనుకోండి. ఈ మాట మాత్రం తెలిసి చెప్పాను. ఆయన అడిగారు, నేను చూసి మరీ చెప్పాను. ఆ చాకును ఆయన నాకే ఇచ్చేశారు, దీన్ని పట్టుకోవాలంటే ఇంక భయమేస్తోంది అంటూ. ఇంటికి తెచ్చి రేకులు మళ్లీ మార్చేశాను. ఆయనది ఆయన చాకులోకి, పాడైంది నా చాకులోకి. ఎంత శ్రద్ధగా బిగించానో!

అప్పటి నుంచి ఎక్కడ ఎవరు లాక్ అన్నా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను. ఆయన మాత్రం నా వేలు కాపాడింది ఈ తమ్ముడే అని అందరికీ పరిచయం చేస్తారు. మా అబ్బాయికి లెక్కలు ఆయనే చెప్పారు, ఒక్క రూపాయి ముట్టుకోలేదు. మా నాన్న పోయినప్పుడు నా భుజం మీద వేసిన చెయ్యి ఆ వేలు వంగని చెయ్యే. ఆయన లేకపోతే నేను స్క్రూలు బిగిస్తూనే ఉండేవాణ్ణి, ఒక వస్తువును ప్రేమగా చూడడం తెలిసేది కాదు. మనసంతా కృతజ్ఞతే. ఆ కృతజ్ఞతను నోరారా చెప్పుకోలేకపోవడమే నాకు పడ్డ శిక్ష. థాంక్సన్నా అన్నప్పుడల్లా మిగతా వాక్యం మింగేసి టీ కప్పు అందుకుంటాను.

మొన్న వాళ్లమ్మాయి హాస్టల్‌కు బయల్దేరింది. పండ్లు కోసుకోవడానికి ఒక చిన్న చాకు కొని, లాక్ చూడమని నాకిచ్చారు. నువ్వు చూశావంటే నాకు బెంగ లేదన్నారు. విప్పి, ఒక్కో భాగం చూసి, బిగించి, బల్లకేసి మళ్లీ మళ్లీ నొక్కి చూశాను. బాగుంది. ఈసారి నిజంగానే బాగుంది. ఆయన దాన్ని అమ్మాయి ముందు పెట్టి, తన వేలు చూపించి, నాలా అజాగ్రత్తగా ఉండకమ్మా, నా చేతిని నేనే నమ్మను అన్నారు. ఆ పిల్ల అలాగే నాన్నా అని తలూపింది.

అప్పుడర్థమైంది నాకు. నేను తీసుకున్నది వేలొక్కటే కాదు. తన చేతి మీద ఆయనకున్న నమ్మకం కూడా.

ఎదురుగా చెబుతానా? తెలియదు. ఆ పూట కూడా టీ తాగి వచ్చేశాను. ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. రాస్తుంటే ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, అంతవరకే. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు, అందుకు రాయడం లేదు కూడా.

అన్నా, ఆ రోజు జారింది లాకే. నీ చెయ్యి కాదు.