ఆకులో కలిసిపోయిన పురుగు

ఆ ఆసుపత్రి వంటశాలలో ఆమెను అందరూ డేగకళ్ళక్క అనేవారు. క్యాబేజీ పురుగు ఆకు రంగులోనే ఉంటుంది. ఈనెను ఆనుకుని కదలకుండా పడుకుంటే అదీ ఈనెలాగే కనిపిస్తుంది. పంతొమ్మిదేళ్ళలో అలాంటిదొక్కటీ ఆమె కత్తి దాటి పోలేదు. "దొరగారు ఇక్కడ నిద్రపోతున్నారర్రా!" అంటూ ఏరి పడేసేది.

ఒక మధ్యాహ్నం మేనేజరు ఒక గిన్నె తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టాడు. కూరలో ఉడికిన పురుగు. పేగు ఆపరేషనైన పెద్దాయన సగం తిన్నాక చూశాడట.

"ఈ క్యాబేజీ తరిగిందెవరు?"

తరిగింది ఆమే. ఆరు నెలలుగా కళ్ళకు మసక కమ్ముతోంది. ఎవరికీ చెప్పకుండా, ఆకును వేళ్ళతో తడుముకుంటూ నెట్టుకొస్తోంది. నోరు తెరిచేలోపే, పక్కనే కూరలు తరుగుతున్న ఆమె తోటికోడలు, "నేనే సార్," అంది.

తోటికోడలిని ఆ పూటే గిన్నెలు తోమే గదికి పంపేశారు.

ఇంటికి వెళ్తూ, "ఎందుకలా చెప్పావే?" అని అడిగింది.

"నీ చూపు సంగతి నాకు తెలీదనుకున్నావా అక్కా? నిన్న టీ కప్పులో పోయబోయి బల్ల మీద పోశావు. నీకీ పని పోతే ఎట్లా? నేనైతే గిన్నెలు తోమినా తట్టుకుంటాను."

మూడు రోజులకే సబ్బునీళ్ళకు తోటికోడలి వేళ్ళు పగిలాయి. అవి చూసి డేగకళ్ళక్కకు ముద్ద దిగడం లేదు. నాలుగో రోజు, ఈనె అనుకుని కత్తి పెట్టబోతే, అది ఆమె వేలి కింద మెత్తగా కదిలింది. కత్తి అక్కడే వదిలేసి మేనేజరు గదికి వెళ్ళింది.

"ఆ రోజు తరిగింది నేను సార్. నాకు కళ్ళు కనిపించడం లేదు."

మేనేజరు పంపితే, పై అంతస్తులోని కళ్ళ డాక్టరు చూసి కంటి నరం దెబ్బతిందన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలవాలంటే చుక్కల మందు తప్పదు. ఆమెను పిండి కలిపే పనికి మార్చారు. తోటికోడలు కూరగాయల దగ్గరికి తిరిగి వచ్చింది గానీ, మండిపడింది.

"నీ కోసం అబద్ధమాడితే, అందరి ముందూ నన్ను అబద్ధాలకోరును చేశావు!"

వారం రోజులు పలకరింపు లేదు. ఒకరోజు మందు వేళకు ఆమె చేతులనిండా పిండి ఉంది. తోటికోడలు వచ్చి, ఆమె గడ్డం పట్టి పైకెత్తింది.

"కదలకు."

చుక్క పడింది. కళ్ళు భగ్గుమన్నాయి. అంత దగ్గరగా వంగిన ఆ ముఖంలో కోపం తగ్గిందో లేదో ఆమె కళ్ళకు ఆనలేదు.