కొండయ్యకు వచ్చిన సున్నా

ఆ రోజుల్లో నాకు మనుషులంటే మార్కులే. కాలేజీ గోడకు అంటించిన ర్యాంకుల జాబితా కింద ఊపిరి బిగబట్టుకుని పెరిగినవాణ్ణి, మాస్టర్స్ చదవడానికి మిషిగన్ వచ్చినంత మాత్రాన మారిపోతానా? క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం ఫుట్‌బాల్ టీమ్ ఆఫీసులో దొరికింది. (మన ఫుట్‌బాల్ కాదు, ఇక్కడ బంతిని తన్నడం తక్కువ, మనుషులు మనుషుల్ని గుద్దుకోవడం ఎక్కువ.) మ్యాచ్ వీడియోలు చూసి ఎవరు ఎన్నిసార్లు బంతి పట్టారు, ఎంత దూరం పరిగెత్తారు అని ఎక్సెల్‌లో ఎక్కించడం నా పని. ఆట తెలియకపోయినా కూడికలు తెలుసు కదా, చాలనుకున్నాను.

సీజన్ అయిపోయాక ఏటా ఆటగాళ్లకు అవార్డుల డిన్నర్ ఉంటుంది. ఉత్తమ ఆటగాడు, ఉత్తమ కొత్త ఆటగాడు, ఇలా ఓ పది అవార్డులు. కోచ్‌లు ఓటు వేయడానికి పేర్ల జాబితా తయారు చేయమంది మా బాస్ మేడమ్. అంతటితో ఊరుకుంటానా? కాలమ్స్ అన్నీ కూడి, టోటల్ వేసి, ర్యాంకులిచ్చి, టోటల్ సున్నా వచ్చిన పన్నెండు మందిని జాబితాలోంచే లేపేశాను. పక్కన కూర్చుని చూస్తున్న నా రూమ్మేట్ (వరంగల్ వాడు, వాడికీ ఆట తెలియదు) "సున్నా వచ్చినోనికి అవార్డేంది రా? మస్తు జేసినవ్, పంపియ్" అన్నాడు. పంపేశాను.

మర్నాడు పొద్దున్నే, జాబితాలో తన పేరు లేదని తెలిసి, టీమ్‌లో ఆటగాడు కొండయ్య వచ్చాడు. ఆ పేరు నేనూ రూమ్మేటూ పెట్టుకున్నదే. ఆరున్నర అడుగుల మనిషి, పక్కకి తిరిగితే గానీ గుమ్మంలో పట్టడు. కేకలేస్తాడని భయపడి కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. అతను మాత్రం మెల్లగా, "నా పేరు పొరపాటున పోయిందేమో చూస్తావా? ఇదే నాకు చివరి ఏడాది. డిన్నర్‌కి అమ్మని రమ్మన్నాను" అన్నాడు. నేను స్క్రీన్ అతని వైపు తిప్పి, మా లెక్కల మాస్టారిలా పెన్నుతో చూపించాను. "క్యాచ్‌లు సున్నా, పరుగు సున్నా, స్కోరు సున్నా. ఏడాదంతా నువ్వసలు బంతి ముట్టుకోలేదు బ్రదర్!" కొండయ్య బుద్ధిగా తల ఊపాడు. "నా పని బంతితో కాదు. బంతి విసిరేవాడి మీద ఎడమ వైపు నుంచి ఎవరూ వచ్చి పడకుండా ఆపడం."

ఈ ఏడాది ఎంతమంది నిన్ను దాటి వచ్చి పడ్డారని అడిగాను. తెలియదన్నాడు. ఆ లెక్క ఎవరూ రాయరట. అతని మొహం చూస్తే నాకు సిగ్గేసింది. క్లాసులు ఎగ్గొట్టి, రాత్రంతా కూర్చుని వీడియోలన్నీ మళ్లీ పెట్టి, బంతి సంగతి వదిలేసి, మొదటిసారి కొండయ్యనొక్కణ్ణే చూశాను. ఒక్కడు కూడా అతన్ని దాటి రాలేదు. ఓటింగ్ మర్నాడు మధ్యాహ్నమే. పరుగెత్తుకెళ్లి మేడమ్‌తో తప్పు చెప్పుకుంటే, ఆవిడ నన్ను తీసుకెళ్లి కోచ్‌ల ముందు నిలబెట్టి, నువ్వే చెప్పుకో అంది. నత్తినత్తిగా చెప్పాను. పెద్ద కోచ్ కడుపు పట్టుకుని నవ్వి "నీకీ ఆట ఎవరు నేర్పారు?" అన్నాడు. "రూమ్మేట్ సార్" అన్నాను. పన్నెండు పేర్లూ మళ్లీ జాబితాలోకి ఎక్కాయి.

అయినా అవార్డు కొండయ్యకు రాలేదు. (కథయితే ఇప్పించేవాణ్ణే.) అందరికంటే ఎక్కువ పరిగెత్తిన కుర్రాడికి వచ్చింది. డిన్నర్‌లో నేను ఓ మూల నక్కి తింటుంటే కొండయ్య వాళ్లమ్మ వెతుక్కుంటూ వచ్చింది. "అంకెలు రాసేది నువ్వేనటగా. మా వాడికెంత వచ్చింది?" అని అడిగింది. "సున్నా అండీ" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "అంటే, మీ అబ్బాయిని దాటి వెళ్లి బంతి విసిరేవాడి మీద పడ్డవాళ్ల లెక్కండీ అది. ఏడాది మొత్తానికి సున్నా" అన్నాను గబగబా. ఆవిడ నా పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత, "అది రాసివ్వు" అంది. పేపర్ నాప్‌కిన్ మీద అతని పేరు, పక్కన ఓ పెద్ద సున్నా రాసి, కింద సంతకం కూడా పెట్టాను (ఎందుకు పెట్టానో నాకే తెలియదు). ఆవిడ దాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది.

ఇప్పుడు నేనో పెద్ద కంపెనీలో వారం వారం రంగురంగుల గ్రాఫులతో రిపోర్టులు పంపుతుంటాను. ఎవరూ తెరిచి చూడరని నాకూ తెలుసు. ఇన్నేళ్లుగా నేను రాసిన లెక్కల్లో, ఒక మనిషి దాచుకున్నది ఆ సున్నా ఒక్కటే.